చెఱలో వ్రాసిన పుస్తకములు

యుద్ధవిమానము శత్రుభూమిపై కూలిన క్షణముననే దానిని నడపినవాని అధికార చరిత్ర ముగియుచున్నది. ఆ దినము వఱకు అతడు ఏ విమానము నెక్కెనో, ఎంతసేపు ఎగిరెనో, ఎక్కడ దిగెనో దళపు దస్తరములో నిమిషములతో సహా వ్రాసియుండును. ఆ దినమునకు మాత్రము ఒక్క పంక్తి: తిరిగి రాలేదు. అటుపిమ్మట నతడు గడపిన మాసములకు, కొందఱి విషయమున సంవత్సరములకు, దళపు పుస్తకములో చోటు లేదు. ఆ కాలమును బంధించినవాడు వ్రాయవచ్చును. వాని ప్రయోజనము వానికున్నది. సినిమావాడు వ్రాయవచ్చును, వాని టిక్కెట్లు వానికున్నవి. ఇక మిగిలినది బందీ తన చేతితో తాను వ్రాసికొన్న పుస్తకము. దానిని మనము చిత్తుకాగితముగ చూచుచున్నామని మా ఆరోపణ.

ఈ మాట తేలికగా అనుట లేదు. రెండవ ప్రపంచయుద్ధములో జర్మనుల చేజిక్కిన విమానచోదకుల పుస్తకములు పాశ్చాత్యదేశములలో నేటికిని వేలమునకు వచ్చుచున్నవి. కొన్నవాడు పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసికొనినచో నష్టము కొంతయే. పతకము ఒకనికి, ఖైదీసంఖ్య కొట్టిన లోహపుబిళ్ల వేఱొకనికి, రంగులబొమ్మ గల ఆకు మఱియొకనికి విడదీసి అమ్మినచో పోయినది తిరిగి కూడదు. ఏలయన నిట్టి పుస్తకములో ఏ ఆకునకును ఒంటరిగా పూర్తి అర్థము లేదు. బొమ్మ ప్రక్కన రొట్టెల లెక్క, లెక్క క్రింద ఇంటినుండి వచ్చిన ఉత్తరపు ముక్క, దాని వెనుక మిత్రుల చిరునామాలు. ఇవన్నియు నొక్కచోట నున్నపుడే మనిషి కనబడును.

ఆ పుస్తకములు ఎట్లు పుట్టినవో చెప్పిన గాని వాని విలువ తెలియదు. బెర్లిను నగరమునకు ఆగ్నేయముగ సుమారు 160 కిలోమీటర్ల దూరమున సాగన్ అను ఊరుండెను. అది నేడు పోలండు దేశములోని జగాన్. అచ్చట 1942లో జర్మను వైమానికదళమువారు పట్టుబడిన విమానచోదకుల కొఱకు స్టాలాగ్ లుఫ్ట్ మూడవ శిబిరమును తెఱచిరి. ఇసుకనేల, సరుగుడును పోలిన చెట్ల అడవి, కఱ్ఱబారకాసులు, చుట్టును రెండు వరుసల ముండ్లతీగ. యుద్ధఖైదీల సహాయమునకై జెనీవానుండి పనిచేయుచుండిన వై.యం.సి.ఏ. శాఖవారు అట్టి శిబిరములకు గట్టి అట్టగల ఖాళీ పుస్తకములను పంపిరి. వానిపై ‘యుద్ధకాలపు లాగ్’ అను పేరుండెను. పెన్సిళ్లును, నీటిరంగులును గూడ వచ్చెను. విమానమునకు లాగ్ పుస్తకముండును గదా. నేలకు దిగి ముండ్లతీగలోపల నిలిచిపోయినవానికిని ఒక లాగ్ పుస్తకమును చేతికిచ్చిన ఆ బుద్ధిమంతునికి మేము నమస్కరించుచున్నాము.

ఎగురుట మాని నడచుటకు సైతము కంచెకు లోపలి బాటయే గతియైన యువకులు ఆ ఆకులను ఏమేమిటితో నింపిరి! శిబిరపు పటము, గదిలోని అంతస్తుల మంచములు, కావలి బురుజు, తమ తమ దళముల చిహ్నములు, కూలిన విమానపు బొమ్మ. సిగరెట్టుపెట్టె అట్టలు, డబ్బాలమీది కాగితములు, శిబిరములో ఆడిన నాటకముల కరపత్రములు అంటించిరి. ప్రియురాలు వేఱొకని పెండ్లాడితినని వ్రాసిన ఉత్తరములను గోడకు తగిలించి అందఱును చదివి నవ్వుకొనిరి. కొందఱు వానిలోని వాక్యములను పుస్తకములలో ఎక్కించుకొనిరి. ఆ నవ్వు ఎంతటి నవ్వో పాఠకుడే యూహింపవలెను. తమకు తాము ‘క్రీగీ’ లని పేరు పెట్టుకొనిరి. యుద్ధఖైదీకి జర్మనులో నున్న పొడుగాటి మాటకు అది పొట్టిరూపము.

అన్నిటికంటె నెక్కువ ఆకులను ఆక్రమించినది ఆకలి. ఆకలి రుచి యెఱుగదని మన సామెత. ఆ చెఱలోని ఆకలి మాత్రము రుచులనే ధ్యానించెను. రెడ్ క్రాస్ సంఘమువారి పొట్లములు వచ్చినంతకాలము వారి ప్రాణములు వానిమీద నిలిచినవి. వారమునకు మనిషికొక పొట్లము నియమము. 1944 శరత్కాలమునకు అది సగమయ్యెను. పొట్లములో పాలపొడి, మాంసపు డబ్బా, చాక్లెట్టు, ఎండుద్రాక్ష, బిస్కత్తులు, సబ్బు, సిగరెట్లు. పాలపొడి పేరు క్లిమ్. ఇంగ్లీషున పాలకున్న మాటను తలక్రిందుగ చదివినచో నా పేరు వచ్చును. ఆ డబ్బా ఖాళీయైన పిమ్మట గిన్నె యయ్యెను, పొయ్యి యయ్యెను. బిస్కత్తులను పొడిచేసి ద్రాక్ష కలిపి పిండివంట చేయుటెట్లో, ఇల్లు చేరిన మొదటి దినమున ఏమేమి తినవలెనో, ఏ ఊరిలోని ఏ భోజనశాల మంచిదో పుటలకు పుటలు వ్రాసిరి. ఒక రొట్టెను ఏడుగురికో ఎనమండ్రకో సమముగ కోయుటకు పద్ధతులు కల్పించిరి. కోసినవాడు చివరిముక్క తీసికొనవలెనన్న నియమ మొకటి. బాంబుల విమానమును రాత్రివేళ బెర్లినుమీదికి నడపినవాడు రొట్టెముక్క మందమును గుఱించి నాలుగు పంక్తులు వ్రాసియుండుట చూచి నవ్వువారు గలరు. అన్నము తిని పుస్తకము తెఱచినవారు గావున నవ్వుచున్నారు.

ఈ పుస్తకములు చెప్పనిది గూడ చదువవలసియున్నది. జర్మను తనిఖీదారుని ముద్రపడని కాగితము ప్రమాదకరము. కావున నెంతటి కబుర్లపోగు చోదకుడైనను నేలక్రింద జరుగుచున్నదానిని వ్రాయలేదు. 104వ బారకాసులో ఒక పొయ్యి క్రింద ‘హారీ’ యను సొరంగము నోరు తెఱచియుండెను. భూమికి సుమారు 8 మీటర్ల లోతున, నూఱు మీటర్లకు పైబడిన పొడవున దానిని త్రవ్విరి. మంచముల పలకలను పెఱికి ఇసుక కూలకుండ దాపు పెట్టిరి. పాలపొడి డబ్బాలను గొట్టములుగ కూర్చి గాలి నందించిరి. త్రవ్విన ఇసుకను పంట్లాములలో వ్రేలాడు సంచులనుండి నడచుచు నడచుచు రాల్చిరి. పైన పుస్తకములో పిండివంట, క్రింద సొరంగము! కావలివాడు పుస్తకమును తిరుగవేసి నవ్వి వెళ్లిపోయియుండును. ఆ పిండివంటల పుటలను పిచ్చివ్రాతలని త్రోసివేయు నేటి పాఠకుడును ఆ కావలివానివలెనే మోసపోవుచున్నాడు.

1944 మార్చి 24వ తేది రాత్రి ఆ సొరంగమునుండి 76 మంది బయటపడిరి. ముగ్గురు మాత్రమే స్వేచ్ఛాభూమి చేరిరి. ఇద్దరు నార్వేవారు, ఒకడు డచ్చివాడు. మిగిలిన 73 మంది పట్టుబడిరి. హిట్లరు ఆజ్ఞచే వారిలో 50 మందిని గెస్టాపోవారు కాల్చి చంపిరి. పారిపోవుచుండగా కాల్చితిమని శిబిరమునకు చెప్పిరి. కొన్ని దినములకు పేర్ల పట్టిక గోడకెక్కెను. ఆ తరువాతి లాగ్ పుస్తకములలో ఈ పేర్లు కనబడును. బందీలు తమ చేతులతో కట్టిన స్మారకశిలయొక్క బొమ్మయు కనబడును. ఆ శిల నేటికిని జగాన్‌లో నిలిచియున్నది. యుద్ధానంతరమున బ్రిటిషు వైమానికదళమువారు హంతకులను వెదకి పట్టిరి; 1947లో హాంబర్గు నగరమున విచారణ జరిగి పలువురకు మరణశిక్ష పడెను. న్యాయస్థానము తన పని తాను చేసెను. అయితే తమ గదిలోని మంచము ఖాళీయైనదని ఆ వారమున ఒకడు ఏ అక్షరములతో వ్రాసికొనెనో న్యాయస్థానపు దస్తరములో దొరకదు.

1945 జనవరి 27వ తేది రాత్రి సోవియట్ సేనలు సమీపించుచుండగా శిబిరమును ఖాళీచేయించిరి. పదివేలమంది మంచులో పడమరకు నడచిరి. మంచములు విఱిచి జారుబండ్లు కట్టుకొనిరి. దారిపొడవున సామాను పాఱవేసిరి. వీపుమీది బరువులో ఏది మిగుల్చుకొనవలెను? రొట్టెయా, దుప్పటియా, పుస్తకమా? ఆ మంచుదారిలో ఎన్ని పుస్తకములు పోయినవో లెక్కలేదు. అయినను కొందఱు రొట్టెతోపాటు పుస్తకమును మోసిరి. స్ప్రెంబర్గులో పశువుల పెట్టెలవంటి రైలుపెట్టెలలో కుక్కబడి, మోస్‌బర్గు చేరి, అచ్చట 1945 ఏప్రిల్ 29న అమెరికను సేనలు వచ్చిన దినమును అదే పుస్తకములో వ్రాసికొనిరి. చలిలో కొంకర్లుపోయిన వ్రేళ్లతో అంతదూరము మోసికొని వచ్చిన దానిని మనుమడు వేలములో పెట్టుట చట్టమునకు విరుద్ధము కాదు. చట్టమునకు విరుద్ధము కానివన్నియు చేయదగినవేనా?

ఇక సినిమావారి సంగతి. 1963లో ‘ది గ్రేట్ ఎస్కేప్’ అను హాలీవుడ్ చిత్రము వచ్చెను. మోటారుసైకిలుపై కంచెలు దూకు అమెరికను వీరుని చూచి లోకమంతయు చప్పట్లు కొట్టెను. బయటపడిన 76 మందిలో అమెరికను ఒక్కడును లేడు. కొన్ని మాసములకు పూర్వమే అమెరికనులను వేఱు ఆవరణమునకు మార్చిరి. మోటారుసైకిలు పరుగు కేవలము కల్పన. చిత్రము బాగుండలేదని మేమనుట లేదు; బాగుండుటయే చిక్కు. ఇప్పుడు సాగన్ పేరెత్తినవారికి మోటారుసైకిలు కనబడునే గాని పాలపొడి డబ్బా కనబడదు. వేలమునకు వచ్చు పుస్తకములో సొరంగపు ముచ్చట యున్న ధర హెచ్చును, రొట్టెల లెక్కయే యున్న తగ్గును. సినిమా రుచి మరగిన బేరగాడు చరిత్రకు ధర కట్టుచున్నాడు.

మఱొక పక్షమువారున్నారు, వారు బేరగాండ్రకంటె గౌరవనీయులు గావున వారికి ప్రత్యుత్తర మియ్యవలెను. బందీయైన సైనికుని దినచర్యను బయటపెట్టుట సేనకు తలవంపని వీరి వాదము. అందులో భయముండును, ఏడుపుండును, తోటివానిమీద చిరాకుండును, పైయధికారిమీద నింద యుండును. ఇవన్నియు చదివిన యువకుడు సేనలో చేరునా యని వీరడుగుచున్నారు. పట్టుబడుట పాపమని నమ్మిన సేనలను లోకము చూచినది. జపానువారు తమ సైనికులకు అట్లే బోధించిరి, తమ చెఱలోని పరాయివారిని అట్లే చూచిరి. ఆ శిబిరములలో దినచర్య వ్రాయుట నేరము. వ్రాసినవారు వెదురుబొంగులలో దాచిరి, మట్టిలో పాతిరి. బందీ చేతిలోని పెన్సిలుకు వెఱచినది దౌర్జన్యము చేయువాడు. స్వతంత్రదేశమునకు ఆ వెఱపు ఎందులకు? ఈ విషయము తెలుగు పాఠకునకు క్రొత్తది కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెఱసాలలో వ్రాసిన ‘మాలపల్లి’ని నాటి మద్రాసు ప్రభుత్వము నిషేధించిన కథ మన గ్రంథాలయములలో ఎవ్వరైనను చెప్పుదురు. ఇక యువకుని మాట. ఆకలితో, అవమానముతో, ఆశ లేక, ఒకడు మూడేండ్లు తన మర్యాదను కాపాడుకొన్న విధము చదివి సేనకు వెనుదీయువాడు మోటారుసైకిలు బొమ్మ చూచి చేరినను నిలువడు.

పరదేశపు పుస్తకములమాట ఇంత చెప్పి మన యింటిసంగతి చెప్పకుండుట అన్యాయము. 1965 యుద్ధపు చివరి దినములలో కె.సి. కరియప్ప పాకిస్తాను చెఱ పడెను. అతని తండ్రి మాజీ సేనాధిపతి కరియప్ప. కుమారునికై ప్రత్యేకపు మర్యాద నొల్లక, బందీలందఱును తన బిడ్డలే యని చెప్పెనని దేశమంతయు చెప్పుకొనును. గొప్ప మాటయే. తండ్రి మాట తెలిసినవారిలో కుమారుడు ఆ మాసములు ఎట్లు గడపెనో తెలిసికొన గోరినవారెందఱు? 1971 యుద్ధములో పట్టుబడిన మన విమానచోదకులు పన్నెండుగురు రావల్పిండిలో నుండిరి. 1972 ఆగస్టు నడుమ ఒక రాత్రి పరుల్కర్, గ్రేవాల్, హరీశ్ సింహజీ అను ముగ్గురు గోడకు కన్నము వేసి బయటపడి, బస్సులో పెషావరు చేరి, ఆఫ్ఘను సరిహద్దుకు కొలది మైళ్ల దూరమున లాండీకోటల్ వఱకు పోయిరి. అచ్చట లాండీఖానా స్టేషనుకు దారి యడిగిరి. పటములో ఆ పేరుండెను. ఆ స్టేషను 1932లోనే మూతపడెను. లేని స్టేషనునకు దారి యడిగినవానిని ఊరు అనుమానించెను. పట్టుబడిరి. ఆ సంవత్సరాంతమున తక్కిన బందీలతోపాటు స్వదేశము చేరిరి. ఈ కథను గ్రంథముగ సంకలనము చేసి 2013లో ప్రచురించినది ఫెయిత్ జాన్‌స్టన్ అను కెనడా వనిత. ఆమెకు కృతజ్ఞులము. మన విశ్వవిద్యాలయముల చరిత్రశాఖలవారు ఆమెకంటె ముందుగా ఆ వృద్ధుల తలుపు ఏల తట్టలేదని యడుగుటకు ఆ కృతజ్ఞత మాకు అడ్డురాదు. వింగ్ కమాండర్ ధీరేంద్ర జాఫా తన చెఱకాలమును తానే గ్రంథముగ వ్రాసెను. వ్రాయనివారి కాగితములెక్కడ?

కాగితము ఏమి చేయునని యడుగువారికి ఒక్క సంగతి. 1971లో కనబడకుండపోయి పాకిస్తాను చెఱలో మిగిలిపోయిరని కుటుంబములు నమ్ముచున్న 54 మంది సంగతి దశాబ్దములుగా పార్లమెంటులో వినబడుచున్నది. వారిలో విమానచోదకులును గలరు. తన చెఱలో అట్టివారు లేరని పాకిస్తాను చెప్పుచున్నది. సాగన్ పుస్తకములలో దాదాపు ప్రతిదానిలోను తోటి బందీల పేర్లు, ఊళ్లు వ్రాసిన పుటలున్నవి. ఎవడు ఏ తేదిని ఏ గదిలో నుండెనో వానివలన తెలియును. ప్రభుత్వములు కాదన్నదానిని ఒక యువకుడు తీరికవేళ వ్రాసికొన్న పేర్ల పట్టిక ఔనని చెప్పగలదు. ముసలితల్లులు కుమారుని వార్తకై దేవులాడుచు కన్నుమూసిన దేశములో, బందీ జేబుపుస్తకమును పనికిమాలిన కాగితమనుటకు ఎవ్వనికి నోరాడును?

బందీ వ్రాయకున్నచో ఎవ్వరు వ్రాయుదురో 2019లో కన్నులార చూచితిమి. ఆ ఫిబ్రవరి 27వ తేదిని అభినందన్ వర్ధమాన్ పాకిస్తాను చేజిక్కెను. మార్చి 1వ తేదిని తిరిగివచ్చెను. ఆ మూడుదినములలోనే అతనికి కండ్లకు గంతలు కట్టిన చిత్రములను, అతడు టీ త్రాగుచు మాటలాడిన చిత్రములను బంధించినవారు లోకమంతట త్రిప్పిరి. ఆ సంవత్సరమే కరాచీలోని తమ వైమానిక ప్రదర్శనశాలలో అతని బొమ్మను నిలిపి ప్రక్కన టీకప్పును పెట్టిరి. అంటింపుల పుస్తకమన నిదియే. అంటించిన చేయి మాత్రము బందీది కాదు. 1949 నాటి మూడవ జెనీవా ఒడంబడిక బందీని జనుల కుతూహలమునకు, అవమానమునకు గుఱిచేయరాదని 13వ నిబంధనలో చెప్పుచున్నది. అతని సొంత వస్తువులు అతనియొద్దనే యుండవలెనని 18వ నిబంధనలో చెప్పుచున్నది. రెండు దేశములును దానిని అంగీకరించినవే. మొదటి నిబంధనకై మనము కేకలు వేసితిమి, అది న్యాయమే. రెండవ నిబంధన కాపాడిన వస్తువులు ఇల్లు చేరిన పిమ్మట వానిని మనము కాపాడుచున్నామా?

2021 జూన్ మాసమున రక్షణ మంత్రిత్వశాఖవారు యుద్ధచరిత్రల సంకలనమును గుఱించి ఒక విధానమును ప్రకటించిరి. యుద్ధపు దస్తరములను సామాన్యముగ 25 సంవత్సరములలో బహిరంగము చేయవలెనని అందున్నది. మంచిదే, ఆలస్యమైనను మంచిదే. ఆ దస్తరములు దళములవి, కచేరీలవి. తిరిగి రాలేదను పంక్తి వఱకు అవి చెప్పును; ఆ పంక్తి తరువాతిది ఏదో పట్టణములో, పదవీవిరమణ చేసిన వృద్ధుని అటకమీద, రేకుపెట్టెలో నున్నది. 1971లో ఇరువదియైదేండ్ల యువకుడు నేడు ఎనుబది దాపున నున్నాడు. అతని తరువాత ఇల్లు ఖాళీచేయు దినమున పాత కాగితములు కొనువాని తోపుడుబండి గుమ్మముముందు నిలుచును.

కావున మా కోరిక యిది. న్యూఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్సువారు గాని, వైమానికదళమువారు గాని, బందీలైన సైనికుల సొంత కాగితములను అడిగి పుచ్చుకొను ఏర్పాటు చేయవలెను. పుస్తకమును వదలుకొనలేని కుటుంబమునకు దాని ప్రతిబింబమును తీసి మూలమును మర్యాదగ తిరిగి యియ్యవలెను. మన హైదరాబాదు చెంతనే దుండిగల్‌లో వైమానికదళపు విద్యాలయమున్నది. ఎగురనేర్చు ప్రతి బాలుడును అట్టి పుస్తకము నొకదానిని ఒక పూట కూర్చుండి మొదటినుండి చివరివఱకు చదువవలెను. పారిపోయిన పుటలను మాత్రమే కాదు, రొట్టె కోసిన పుటలను గూడ. ఇక ఇండ్లలోనివారికి: పెట్టెలో అట్టి పుస్తకము కనబడినచో అతికించిన సిగరెట్టు అట్టను పెఱుకవలదు, చెదరిన అక్షరములను దిద్దవలదు, తాతగారు ఎవరినో తిట్టిన పుటను సిగ్గుపడి చింపవలదు.